తక్కువలో వచ్చే గొంతు

ఫిమేల్ వచ్చిందా అని హాలు మేనేజరు అడిగాడు. వచ్చిందని మా ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు చెప్పారు. ఆ వచ్చిన ఫిమేల్‌ని నేనే. మా వృత్తిలో మగగొంతుకి పాడేవాణ్ణి సింగర్ అంటారు, కీబోర్డు వాయించేవాణ్ణి కీస్ అంటారు, ఆడగొంతుకి పాడేదాన్ని మాత్రం ఫిమేల్ అనేసి ఊరుకుంటారు, ఆ గొంతుకి వెనక ఓ మనిషి కూడా ఉంటుందన్న సంగతి ఎవరికీ పట్టదు. నాకూ అలవాటైపోయింది. మైకు ముందు నిలబడి హలో హలో అంటున్నాను, అద్దెకి తెచ్చిన స్పీకరు పెట్టె నా గొంతుని జలుబు చేసినదానిలా చేసి నాకే తిప్పికొడుతోంది, మాస్టారు దూరం నుంచి బొటనవేలు పైకెత్తి బాగుందంటున్నారు, బాగాలేదని ఆయనకీ తెలుసు. నా ఎదురుగా నా ఎత్తున ఓ పూలకుండీ. స్టేజీ మీద రెండు కుండీలుండాలి, అటొకటి ఇటొకటి, అందం కోసం. అమ్మ సాయంత్రమే వచ్చి రెండోదాన్ని మోయించి తెచ్చి సరిగ్గా నా మైకు ముందు పెట్టించింది. అలంకరణ మనిషి అలా బాగుండదమ్మా, ఒకవైపు బోసిపోతుంది అంటే, మాకలాగే ఇష్టం అందట. అమ్మకి మొక్కలంటే అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో నాకు తెలియదు. ఆకుల సందుల్లోంచి హాలు ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది, ఓ కుర్చీ వీపు, ఓ ముసలాయన బట్టతల, ఎర్ర తివాచీ అంచు, దూరంగా తలుపు. ఆ తలుపులోంచి కాసేపట్లో పెళ్లికూతురు వస్తుంది. పెళ్లికూతురు నా చెల్లెలు.

అసలు నేనీ హాల్లో ఉండకూడదు. నేను దూరదేశంలో పెద్ద ఉద్యోగంలో ఉన్నాను, సెలవు దొరకలేదు, ఎంత ఏడ్చానో, పాపం. ఇదంతా అమ్మ పెళ్లికొడుకు తరఫు వాళ్లకి చెప్పిన కథ. ఏం ఉద్యోగమమ్మా నాది అని అడిగితే, ఏదో లెక్కలకి సంబంధించిందని చెప్పానే, నువ్వు మళ్లీ వేరే ఏదీ చెప్పకు అంది. చెప్పడానికి నన్నెవరడుగుతారు, నేను లేనిదాన్ని కదా. నిశ్చితార్థానికి లేను, పెళ్లికి లేను, పెళ్లి జరుగుతున్నంతసేపూ ఇంట్లో కూర్చుని ఉతికిన బట్టలే మళ్లీ ఉతికాను. రిసెప్షన్‌కి కూడా లేకుండానే పోదును, కానీ అక్కడ అమ్మ లెక్క తప్పింది. రిసెప్షన్ ఖర్చు మనదే అని ఒప్పుకున్నప్పుడు హాలూ భోజనాలూ పూలూ గుర్తున్నాయి గాని పాటలు గుర్తు లేవు. పెళ్లికొడుకు తల్లికి పాటలంటే ప్రాణమట, ఏదో టేపు పెట్టేస్తే ఒప్పుకోదట, మనుషులే పాడాలట. అమ్మ ఊళ్లో ఉన్న ఆర్కెస్ట్రాలన్నిటికీ ఫోన్లు చేసి, వాళ్లు చెప్పిన రేట్లు విని, కళ్లు తిరిగి, ఆఖరికి నా గదిలోకొచ్చి మంచం చివర కూర్చుంది. మంచం మధ్యలో కూర్చుంటే తిట్టడానికొచ్చినట్టు, చివర కూర్చుంటే పని ఉన్నట్టు.

"మీ వాళ్లయితే తక్కువలో వస్తారు కదే" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియక గోడకేసి చూశాను. నన్ను దాచిపెట్టిందీ ఆవిడే, అద్దెకి పిలుస్తున్నదీ ఆవిడే. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కదా అన్న ఆలోచనే ఆవిడకి రాలేదు. వచ్చి ఉంటే ఆ మొహం అంత నిబ్బరంగా ఉండేది కాదు. నువ్వు పాడితే ఆడగొంతు డబ్బులు కూడా మిగులుతాయి, ఎవరికీ కనపడకుండా ఓ పక్కన నిలబడు, నిన్ను ఎవరు చూస్తారే, పాట వింటారు గాని అంది. మా అమ్మ ఎప్పుడో ఒకసారి నిజం చెప్తుంది, అదీ తనకి తెలియకుండా.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, చెల్లెలికి అంతకుముందొచ్చిన రెండు సంబంధాలూ నా మూలంగానే పోయాయి. అలాగని అమ్మ అంటుంది. మొదటివాళ్లు ఇంటికొచ్చి, కాఫీ తాగి, అంతా బాగుందనుకున్నాక, వాళ్లలో ఓ పెదనాన్న నన్ను చూసి కళ్లు చికిలించి, నిన్నెక్కడో చూశానమ్మాయ్ అన్నాడు. నేనూ ఆయన్ని చూశాను. వాళ్ల ఆఫీసు వార్షికోత్సవంలో, టై నెత్తికి కట్టుకుని, స్టేజీ ఎక్కి నా పక్కన గంతులేసి, మాస్టారు దింపేదాకా దిగలేదు. గంతులేసినవాడు పెద్దమనిషే, పాడినదాన్ని మాత్రం ఇంట్లో పెట్టుకోకూడదు. వారం తిరక్కుండా కబురొచ్చింది, జాతకాలు కాదు, కట్నాలు కాదు, అమ్మాయి అక్క ఆర్కెస్ట్రాలో పాడుతుందట కదా అని. రెండోవాళ్లు అంత దూరం కూడా రాలేదు, ఎవరో చెప్పారట. ఆ రోజు చెల్లెలు గది తలుపేసుకుంది. నేను బయట నిలబడి తలుపు కొట్టాను. నీ వల్ల కాదులే అక్కా అని లోపల్నుంచి అంది, అంది గాని తలుపు తీయలేదు. మూడో సంబంధం వచ్చేసరికి అమ్మ నా ఫొటోలన్నీ గోడల మీంచి తీసేసింది. మేకులు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి కేలండరొకటీ, అరచేతిలో పట్టే అద్దమొకటీ తగిలించింది.

మాస్టారితో బేరం నేనే ఆడాను. ఇంతకన్నా సిగ్గులేని పని నా జన్మలో చేయలేదు. ఎన్ని పెళ్లిళ్లలో ఎంతమంది తండ్రులు మా ముందు నిలబడి, మీరెలాగూ భోజనం చేస్తారు కదా, రెండు గంటలే కదా, కూర్చుని పాడటమే కదా అని గీసి గీసి తగ్గించారో, ఆ మాటలన్నీ నా నోట్లోంచి వరసగా, నాకు నేర్పినట్టుగా వచ్చేశాయి. మాస్టారు సిగరెట్టు ఆర్పేసి నాకేసి చూశారు. "ఎవరి పెళ్లే?" అన్నారు. చెల్లెలిదన్నాను. "అక్కవి అయ్యుండి బేరాలేంటి మరి?" అన్నారు. అక్కనని అక్కడెవరికీ తెలియదు మాస్టారూ అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు, అదొక్కటే ఆయనలో ఉన్న మంచి గుణం. డ్రమ్స్ తీసేద్దాం అన్నారు. తీసేశాం. గిటారు తీసేద్దాం. తీసేశాం. వేణువు ఎలాగూ ఎవరూ వినరు, తీసేద్దాం. ఒక్కొక్కరినీ తీసేస్తుంటే నాకు మా ఇంటి గోడలు గుర్తొచ్చాయి. చివరికి మిగిలింది మాస్టారు, కీస్, కీస్ మెషీన్లో నింపుకొచ్చిన తాళం, నేను. నాకు డబ్బు లేదు. మాస్టారు ఇస్తానన్నారు, తన వాటాలోంచి. వద్దన్నాను, వద్దన్నందుకు ఆ రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను. తీసుకుని ఉంటే బాగుండేది. తీసుకుని ఉంటే వాళ్లు పిలిచారు, నేను పాడాను, సరిపోయింది అనుకుందును. ఇప్పుడు నేనిక్కడ చుట్టాన్నీ కాదు, కూలిదాన్నీ కాదు.

లైట్లు తగ్గాయి. వస్తున్నారు వస్తున్నారు అని ఎవరో పరిగెత్తుకొచ్చారు, కీస్ వెంటనే రాకకి వాయించే బాణీ ఎత్తుకున్నాడు. ఎవరూ రాలేదు. పెళ్లికూతురి గౌను అంచు కారు తలుపులో ఇరుక్కుందట. డ్రమ్స్ అతనే ఉండి ఉంటే తలుపుకేసి చూస్తూ సాగదీసేవాడు, కాసేపు కర్రలతో ఆడించి నవ్వించేవాడు. మెషీనుకి తలుపు కనపడదు, అది తన దారిన తాను దంచుకుంటూ పోతుంది, బాణీ అయిపోయింది, కీస్ మళ్లీ మొదట్నుంచి నొక్కాడు, మళ్లీ అయిపోయింది, జనం వెనక్కి తిరిగి మాకేసి చూడటం మొదలుపెట్టారు. తక్కువ ఖర్చంటే ఇదే. నేను నోటితో ఆలాపన అందుకున్నాను, మెషీను ఆగిన చోట నేను, నేను ఊపిరి తీసుకున్న చోట మెషీను, అలా లాక్కొచ్చాం. ఇంతలో తలుపు తెరుచుకుంది. ఆకుల సందులోంచి ముందు తెల్లటి చెయ్యి కనిపించింది, తర్వాత పూలు, తర్వాత దాని గడ్డం. ఎంత చక్కగా ఉందో. అది అమ్మ పోలిక, నేను నాన్న పోలిక, పక్కపక్కన నిలబెట్టినా ఎవరూ పోల్చుకోరు. దాని రాకకి పాడుతున్నది నేనని దానికి తెలుసు, ఇటు చూడలేదు, చూడకూడదు కూడా. అయినా నడుస్తున్న కాలు ఒక్క క్షణం నా తాళంలో పడింది. లేదా పడిందని నేననుకున్నాను. ఇలాంటివి అనుకోవడంలో నా అంతటిదాన్ని నేనే.

అది నా పాటలు వింటూ పెరిగిన పిల్ల. పెరిగిందంటే, వేరే దారిలేక. ఒకే గది, నేను ఓ మూల సాధన చేయాలి, అది ఇంకో మూల నిద్రపోవాలి. పాట ఆపితే లేచేది. ఫ్యాను ఆగితే కొందరికి మెలకువ వస్తుందే, అలాగ. తర్వాత నాన్న పోయాడు, నాకు పాడితే డబ్బొచ్చింది, ఇంట్లో ఉన్నవాళ్లు తిన్నారు, చదువుకున్నారు, అంతే. త్యాగం అనే మాట నాకు పడదు. ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది. నేను దేన్నీ వదులుకోలేదు, పాడటం నాకిష్టం, లైట్లు వెలుగుతుంటే పాడటం మరీ ఇష్టం. దాని కాలేజీలో నేను పాడినప్పుడు మా అక్క, మా అక్క అని వరసలో ఉన్న పిల్లలందరి భుజాలూ తట్టి చెప్పింది. ఆ పిల్లే ఇది. ఎక్కడ మారిందో నేను చూడలేదు. నేను ఊరూరా తిరుగుతున్నప్పుడు ఇంట్లో అమ్మ దగ్గర మారి ఉంటుంది, కొంచెం కొంచెంగా.

నేనీ పనికి ఒప్పుకున్నది అమ్మ అడిగినందుకు కాదు. అమ్మ అడిగిన ఆ సాయంత్రమే చెల్లెలు అత్తారింటి నుంచి ఫోన్ చేసింది, బాత్రూంలోంచి, ఎవరికీ వినపడకుండా పంపు తిప్పి పెట్టి. నీళ్ల చప్పుడులో దాని గొంతు సగమే వినిపించింది.

"అక్కా, అందరూ చివర్లో మ్యూజిక్ వాళ్లతో ఫొటో దిగుతారు కదా. అప్పుడు నువ్వు నా పక్కన నిలబడు. ఎవరికీ అనుమానం రాదు. మనిద్దరికీ ఒక్క ఫొటో అయినా ఉండాలి కదా."

ఆ ఒక్క ఫొటో కోసం వచ్చాను. ఇంత వయసొచ్చి, ఇన్ని స్టేజీలెక్కి, ఇంతమంది చేత ఫొటోలు తీయించుకుని, పెళ్లికూతురి పక్కన ఓ రెండు క్షణాలు నిలబడటానికి డ్రమ్స్ మానిపించి, గిటారు మానిపించి, పూలకుండీ వెనక నక్కి వచ్చాను. అది ఆ మాట అన్నాక పంపు ఆగింది, ఫోనూ ఆగింది. నేను నా గదిలో కూర్చుని రిసెప్షన్‌కి ఏం కట్టుకోవాలా అని ఆలోచించాను. మాస్టారేమో ఫిమేల్ మెరవాలి అంటారు, అమ్మేమో ఎవరి కంట్లోనూ పడని రంగు వేసుకో అంది. బూడిదరంగు మీద సన్నటి జరీ ఉన్న చీర కట్టుకున్నాను, ఇద్దరికీ నచ్చలేదు.

పాట తర్వాత పాట. స్టేజీ మీదికి వరస కదులుతోంది, చేతులు కలపడం, కవరు ఇవ్వడం, నవ్వడం, దిగడం, భోజనాల పక్క పాత్రల చప్పుడు, ఐస్‌క్రీమ్ కోసం పిల్లల గోల. రిసెప్షన్‌లో పాట ఎవరూ వినరు. ఆపితే మాత్రం అందరికీ తెలుస్తుంది. మా వైపు చుట్టాలు ఓ బల్లకి కూడా నిండలేదు, వాళ్లందరికీ అమ్మ ముందే పాఠం చెప్పి పెట్టింది. మావయ్య ఓసారి ప్లేటు పట్టుకుని నా పక్కనుంచి వెళ్లాడు. చిన్నప్పుడు నన్ను బల్లెక్కించి పాడించి, అది మా మేనకోడలు అని మీసం తిప్పినవాడు. ఇప్పుడు కుండీలో మొక్కని పరీక్షగా చూస్తున్నట్టు వంగి, పెదాలు కదలకుండా, "బాగున్నావా" అన్నాడు. ఆ మొక్క బాగానే ఉంది మావయ్యా అన్నాను. ఆయన గబగబా నడిచి వెళ్లిపోయాడు, తినబోయేది సగం కింద పడింది. చాలాసేపటి తర్వాత అప్పుడు కాస్త మనసు తేలికపడింది.

వినేది హాలు మొత్తానికి ఒక్కావిడ. ముందు వరసలో, పెళ్లికొడుకు తల్లి. అమ్మ చెప్పినప్పుడు ఏదో డాబు మనిషనుకున్నాను, మనుషులే పాడాలంటే డబ్బు పొగరు అనుకున్నాను. ఆవిడ అందరినీ పలకరించి, చెప్పులు విప్పి, కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంది, అరచెయ్యి మోకాలి మీద వేస్తోంది, పడాల్సిన చోట పడుతోంది చెయ్యి. నేను పాటలో ఓ చోట సంగతి మార్చి వేరేలా తిప్పాను, కావాలనే, ఎవరైనా ఉన్నారా అని తలుపు కొట్టి చూసినట్టు. ఆవిడ తల పక్కకి వాలింది. ఉన్నారు. కాసేపటికి మాస్టారి దగ్గరికి కబురు పంపింది, ఓ పాత పాట, నిదానంగా నడిచేది, రిసెప్షన్‌లలో మేం చచ్చినా పాడనిది, జనం ఆవలిస్తారని. మెషీన్లో దానికి తాళం లేదు. కీస్ బిక్కమొహం వేశాడు. మెషీన్ ఆపేయ్, శ్రుతి ఒక్కటి పట్టుకో చాలు అన్నాను.

పాడాను. గొప్పగా పాడానని నేను చెప్పకూడదు గాని, పాడాను. దంచుడు ఆగేసరికి హాలు ఉన్నట్టుండి పెద్దదైపోయింది, చెంచాల చప్పుడు తగ్గింది, ఎవరో పిల్లాణ్ణి ఉష్ అన్నారు. అద్దె పెట్టె కూడా ఎందుకో మంచి బుద్ధితో ప్రవర్తించింది. రెండో చరణం మొదట్లో గొంతు ఎప్పుడూ పట్టేసే చోటొకటుంది, అక్కడ పట్టలేదు, నూనె రాసినట్టు జారింది. అమ్మ స్టేజీ మెట్ల దగ్గర నిలబడి చేత్తో కోసేసినట్టు సైగ చేస్తోంది, ఆపు ఆపు అని. అందరూ ఇటే తిరుగుతున్నారు మరి, కుండీ ఎంతని ఆపుతుంది. నేను చూడనట్టు కళ్లు మూసుకున్నాను. నా జీవితంలో మా అమ్మ మాట వినకుండా చేసిన పనులన్నీ బాగానే వచ్చాయి. కళ్లు తెరిచేసరికి పెళ్లికొడుకు తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

అప్పుడే పుట్టింది ఆ పాడు ఆశ. ఈవిడకి చెప్తే ఏమవుతుంది. ఈవిడ టై నెత్తికి కట్టుకున్న పెదనాన్న కాదు. ఇంత గొంతున్న అక్కని ఎందుకమ్మా దాచారు అని అమ్మనే నిలదీస్తుందేమో. మా కోడలి అక్క అని పదిమందికి చెప్పుకుంటుందేమో. దాచాల్సింది అసలేమీ లేదేమో, అమ్మ భయపడి, చెల్లెలు భయపడి, నేను వాళ్ల భయానికి భయపడి, ముగ్గురం కలిసి గాలికి గోడ కట్టామేమో. తర్వాత పాటలన్నీ ఆ ఊహల్లోనే పాడేశాను, ఏం పాడానో కూడా గుర్తులేదు. రేపు చెల్లెలే చెప్తుంది, అత్తయ్యా, ఆ రోజు మీరు ఏడ్చారే, ఆ పాట పాడింది మా అక్కే అని చెప్తుంది, ఆవిడ ఆశ్చర్యపోతుంది, నన్ను భోజనానికి పిలుస్తారు. మా ఇంటి గోడ మీంచి ఆ కేలండర్ తీసేస్తారు. మనసు ఇంత చవగ్గా అమ్ముడుపోతుందని నాకు తెలియదు, ఒకావిడ కళ్లు తుడుచుకుంటే చాలు, మొత్తం ఇచ్చేసింది.

పెళ్లికూతురి తరఫువాళ్లంతా రండి అని ఫొటోగ్రాఫరు మైకులో పిలిచాడు. నేను పాట మధ్యలో ఉన్నాను. అమ్మ ఎక్కింది, మావయ్య ఎక్కాడు, పిన్ని, పిన్ని పిల్లలు, ఎప్పుడూ మా గడప తొక్కని ఓ దూరపు బాబాయి కూడా జుట్టు సవరించుకుంటూ ఎక్కాడు. ఇంకెవరైనా ఉన్నారా అని ఫొటోగ్రాఫరు అడిగాడు. "మా వైపు ఇంతేనండీ" అంది అమ్మ. నా పెట్టెలోంచి నా గొంతే వాళ్లందరి మీద పడుతోంది. నేను ఆ సంతోషాల పాటని ఒక్క శ్రుతి కూడా తప్పకుండా పూర్తి చేశాను, అది నాకు చేతనవునని తెలిసినందుకే నా మీద నాకు అసహ్యం వేసింది. చెల్లెలు తల వంచుకుని గౌను మడతలు సర్దుకుంటోంది. పర్లేదు, దానికీ బాధగానే ఉండి ఉంటుంది, మాకింకో ఫొటో ఉంది కదా, అది అడిగిందే ఆ ఫొటో, అదే అడిగింది.

జనం పల్చబడ్డాక మ్యూజిక్ వాళ్లు కూడా రండి అన్నాడు. మాస్టారు నన్ను ముందు నడవమన్నారు. కుండీ పక్కనుంచి బయటికొస్తే లైట్లు ఒక్కసారి కళ్లలో పడ్డాయి. ఎక్కడ నిలబడాలో తెలియనట్టు నటించాలి కదా, నటించాను. చెల్లెలు ఏదో వంక పెట్టి పిలుస్తుందని చూశాను. అది మాస్టారికేసి చూసి నవ్వుతోంది. ఆ అవసరం లేకుండానే పెళ్లికొడుకు తల్లి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఇంత పాడిన అమ్మాయి ఆ చివరెందుకు, పెళ్లికూతురి పక్కన నిలబడమ్మా అని తనే తెచ్చి నిలబెట్టి, నాకు ఇటువైపు తను నిలబడింది. చెల్లెలి భుజం నా భుజానికి తగిలింది. గట్టిగా, బిగించి పట్టుకుని ఉంది. ఏడుపు ఆపుకుంటోందనుకున్నాను. నాకూ ఆగేలా లేదు, పైకి, లైట్లకేసి చూశాను. ఆ రోజు పంపు చప్పుడు చాటున ఫోన్ చేసినట్టుగా, ఎవరికీ తెలియకుండా చిటికెన వేలైనా తగిలిస్తుందేమోనని నా చెయ్యి కొంచెం అటు జరిపాను.

"మా చిన్నవాడి పెళ్లికి కూడా నువ్వే రావాలమ్మా" అంది పెళ్లికొడుకు తల్లి. "మీ వాళ్లు బాగా ఎక్కువ తీసుకుంటారేమో?"

నేను నోరు తెరిచేలోపల చెల్లెలు నా మీదుగా ముందుకు వంగింది.

"లేదత్తయ్యా, వీళ్లు తక్కువలోనే వస్తారు. కాస్త గట్టిగా అడిగితే ఇంకా తగ్గిస్తారు."

అని నవ్వింది. ఆ గొంతు నాకు తెలిసినంతగా దానికి కూడా తెలియదు. అబద్ధం ఆడితే సన్నబడుతుంది, భయపడితే మాటల చివర్లు మింగేస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే. ఇప్పుడు సన్నబడలేదు. ఏదీ మింగలేదు. సామాన్లు ఎక్కడ చవగ్గా దొరుకుతాయో అత్తగారికి చెప్పే కొత్తకోడలి గొంతు, నిండుగా, శ్రుతిలో ఉంది. నటిస్తోందనుకోవడానికి నా చెవులు ఒప్పుకోలేదు. జీవితమంతా ఈ చెవులతోనే బతికాను, ఈ ఒక్కరోజు అవి లేకుండా ఉంటే బాగుండేది.

అందరూ ఇటు చూడండి అన్నాడు ఫొటోగ్రాఫరు. ఆవిడ ఇంకా నా చెయ్యి వదల్లేదు. "మా కోడలికీ ఓ అక్క ఉందట. సొంత చెల్లెలి పెళ్లికి కూడా సెలవు దొరకలేదట పాపం, ఏం ఉద్యోగాలో. నీకెవరున్నారమ్మా తోడబుట్టినవాళ్లు? వాళ్లూ పాడతారా?"

ఒక్క మాట చాలు. ఆవిడే అడుగుతోంది, చెయ్యి పట్టుకుని, మనసులో ఏ కల్మషమూ లేకుండా అడుగుతోంది. కింద అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. చెల్లెలు ఊపిరి బిగబట్టింది, నా పక్కనే, నాకు వినిపిస్తోంది. నేను దానికేసి చూడలేదు. దానికి తగలాలని, ఎక్కడో లోపల ఒక్కసారైనా చివుక్కుమనాలని, బాగా వినపడేలా, స్పష్టంగా చెప్పాను.

"ఎవరూ లేరండీ. నేనొక్కదాన్నే."

చెల్లెలు నిండా ఊపిరి తీసుకుంది. స్టేజీ ఎక్కినప్పటినుంచీ కర్రలా బిగుసుకుని ఉన్న దాని భుజం మెత్తబడి, హాయిగా నా భుజం మీదికి వాలింది. అది మనసారా నవ్వింది. సరిగ్గా అప్పుడే ఫొటో తీశారు.